చెప్పకుండా విప్పించిన చెప్పులు

నలభై మంది పెద్దమనుషుల చేత మే నెల మిట్టమధ్యాహ్నం కప్పగంతులు వేయించిన ఘనత మొత్తం సికింద్రాబాద్‌లో నాకొక్కదానికే దక్కింది. అది గురువారం. మా పక్కింటి కమల శుక్రవారమంటుంది, నమ్మకండి. అప్పటికి నాకు అరవై రెండేళ్ళు. ఇప్పటితో పోలిస్తే చిన్నపిల్లనే, తెలివి కూడా అంతే.

మా పద్మారావు నగర్ చర్చి స్త్రీల సమాజం వేసవి యాత్రకి ఊరికి అవతలి వైపున్న మ్యూజియానికి బయల్దేరింది. ఏర్పాట్లన్నీ నావి. ఆ ఆదివారమే సమాజానికి చందాలు వసూలు చేసే కార్యదర్శిని ఎన్నుకోవాలి. పోటీలో నేనూ, కమలా. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన నాకు ఆ పదవి రాకపోతే లెక్కలకే అవమానమని నా నమ్మకం. యాత్రలో చిన్న పొరపాటు జరిగినా పదవి గోవిందా.

అందుకే ముందుగానే అందరికీ చెప్పాను. "బయట ఎండ, లోపల ఏసీ. మెత్తటి నూలు చీర కట్టుకోండి, భుజాన పల్చటి శాలువా వేసుకోండి. ముఖ్యంగా పాత చెప్పులు. మ్యూజియమంటే రోజంతా నడకే. కొత్త చెప్పులతో వచ్చినవాళ్ళని బస్సెక్కనివ్వను."

తీరా ఆ రోజు నేను వేసుకున్నవి కొత్తవి. చీర అంచుకి అచ్చంగా కలిశాయి మరి. చెప్పేటందుకే నీతులు, చెప్పులకి కాదు.

రెండో గదిలోనే కరవడం మొదలుపెట్టాయి. పెంపుడు మొసళ్ళని కాళ్ళకు కట్టుకున్నట్టుంది. మావాళ్ళింకా వెనక ఉన్నారు. కంచు విగ్రహాల గది గుమ్మంలో గప్‌చుప్‌గా చెప్పులు విడిచి, చల్లని రాతినేల మీద పాదం మోపాను. ప్రాణం లేచి వచ్చింది.

వెనకాలే ఒక పెద్దాయన వచ్చాడు. గుమ్మంలో చెప్పులు, లోపల నటరాజు. ఇంకేం కావాలి?

"అమ్మా, ఈడ చెప్పులు ఇడ్వాల్నా?"

కొత్త చెప్పులు కరిచాయని చెప్పుకోడానికి సిగ్గేసి తలూపాను. మీరైనా అదే చేసేవారు, ఒప్పుకోండి.

ఆయన విడిచాడు. ఆయన్ను చూసి ఆయన భార్య, ఆమెను చూసి పెళ్ళివారంత కుటుంబం ఒకటి, వాళ్ళను చూసి మా సమాజం మొత్తం. "ఇక్కడ రూలు కాబోలు," అంటూ పాస్టరమ్మగారు కూడా విడిచేశారు.

గది చూసి అవతలి తలుపులోంచి బయటపడ్డాం. అది వాకిట్లోకి తెరుచుకుంది. కింద నల్లబండలు, నెత్తిన సూర్యుడు. పెనం మీద చల్లిన నీటిచుక్కల్లా ఎగిరాం. వెనక్కి తిరిగితే తలుపు దగ్గర కాపలా అతను.

"ఎన్కకు పోనీకి రాదు. వన్ వే. చుట్టు తిరిగి రాండ్రి."

"నాయనా, కాళ్ళు కాలుతున్నాయి," అన్నారు పాస్టరమ్మగారు, ఒంటికాలి మీద.

"చెప్పులేవమ్మా?"

"లోపల విడిచాం."

"ఎవరు ఇడ్వమన్నరు?"

"గది రూలంట గద," అన్నాడు పెద్దాయన.

"శాన ఏండ్ల సంది ఈడనే చేస్తున్న. గా రూలు నాకే తెల్వదు."

కుచ్చెళ్ళు చేతపట్టుకుని మ్యూజియం చుట్టూ పరుగెత్తాం. గుమ్మంలో చెప్పుల గుట్ట. ఎవరివి వాళ్ళు ఏరుకున్నాక అన్నిటికీ అడుగున ఒక జత మిగిలింది. మిలమిల మెరుస్తోంది.

"అడుగున ఉన్నయంటే, ముందు ఇడిసినోళ్ళవే," అన్నాడు గదిలోంచి ఇటు వచ్చిన కాపలా అతను. "ఎవరియి?"

"నావి కావు," అన్నాను.

"అక్కా, మీ చీర అంచు రంగే," అంది కమల.

"నావి కావన్నానా."

"ఒకసారి సరిగ్గా చూసుకోండి," అన్నారు పాస్టరమ్మగారు.

"నేనెరగను." బైబిల్లో గురువుని ఎరగనన్న శిష్యుడిలా మూడుసార్లు బొంకాను, కోడి కూయడం ఒక్కటే తక్కువ.

కమల చుట్టూ చూసింది. "చెప్పులు ఒక జత మిగిలాయి. చెప్పుల్లేని కాళ్ళూ ఒక జతే మిగిలాయి. లెక్కల టీచరు మీరే, చేసి చెప్పండక్కా."

మొసళ్ళని తొడుక్కున్నాను. పదవి మూసీలో కలిసిపోయిందనుకుంటూ బస్సెక్కాను.

ఆదివారం ఎన్నికలో కమలే ముందు లేచింది. "నోరు విప్పకుండా ఊరందరి చేతా చెప్పులు విప్పించింది మా అక్క. ఇక నోరు విప్పితే చందాలు రాకేం చేస్తాయి? నేను తప్పుకుంటున్నా."

ఏకగ్రీవం.

అయినా కాలిన అరికాళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ మ్యూజియానికైనా పాత చెప్పులతోనే వెళతాను. ఏ గుమ్మంలో ఎవరేమడిగినా తలూపను. మెడ పట్టేసిందని చెబుతాను.