అద్దం వెనక మామయ్యకు ఒక మాట

మా నాటకశాలలో నటులు భయపడేది దర్శకుడికి కాదు, పత్రికల్లో రాసేవాళ్ళకు కాదు, మా మేనత్తకు. ఆవిడ ఉద్యోగం చీకట్లో టార్చిలైటు పట్టుకుని జనాన్ని సీట్లలో కూర్చోబెట్టడం, ఆట అయ్యాక బయటి తలుపు తీసి పట్టుకుని నిలబడటం. కానీ ఆ తలుపు దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి ఆవిడ చెవులు ఎలా తయారయ్యాయంటే, గుంపులో నలుగురు గొణుక్కుంటూ పోతున్నా నలుగురి మాటలూ విడివిడిగా పట్టేస్తుంది. నేనూ అక్కడే టిక్కెట్లు అమ్ముతాను. నా చెవిన పడేవి వెనక వరస ఇచ్చానని జనం తిట్టే తిట్లే.

జనం వెళ్ళిపోయాక వెనక నడవాలో ఒక తంతు జరుగుతుంది. నటులు మొహాన రంగు కడుక్కోకుండానే వచ్చి వరసగా నిలబడతారు. అత్త బల్ల మీద, జనం మరిచిపోయిన గొడుగులూ కళ్ళజోళ్ళూ సర్దుతూ ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెబుతుంది. అది ఆ రోజు చూసినవాళ్ళలో ఎవరో ఒకరు వాళ్ళ గురించి అన్న మాట. "నిన్ను చూసి ఒకావిడ, ఈ పిల్లని మనింటికి తీసుకుపోదామండీ అంది." "నువ్వు గోడ దూకినప్పుడు ఒక ముసలాయన, వీడి మోకాళ్ళు నాకిస్తే బాగుండును అన్నాడు." బాగోలేదన్న మాటలు ఆవిడ కడుపులోనే ఉండిపోతాయి. అలాగని లేని మాట పుట్టించమంటే చచ్చినా పుట్టించదు. "నేను ఏరతాను గానీ అల్లను" అంటుంది. అందుకే ఆ ఒక్క మాట కోసం పెద్ద పెద్ద నటులు కూడా చేతులు కట్టుకుని నిలబడతారు.

ఆవిడ భర్త, మా మామయ్య, అక్కడే వడ్రంగి. రాజుగారి మేడ కావాలన్నా పేదవాడి గుడిసె కావాలన్నా చెక్కలతో నిలబెట్టేది ఆయనే. మాట మాత్రం మహా పొదుపు. ఇంట్లో "ఊ", "ఊహూ" తప్ప మూడో మాట వినపడితే అత్త ఒంట్లో బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది.

ఈసారి వేసిన నాటకం ఒక రాక్ బ్యాండు గురించి. రంగస్థలమంతా ఒకే గది, అది రికార్డింగ్ గది. గది చివర ఒక అద్దం, అద్దం వెనక రికార్డింగ్ చేసే ఇంజనీరు. బ్యాండు వాళ్ళు ఒకే ఒక్క పాట మొదలుపెడతారు, మధ్యలో ఆపుతారు, పోట్లాడుకుంటారు, మళ్ళీ మొదలుపెడతారు. ఆపినప్పుడల్లా అద్దం వెనకాయన మైకు మీదికి వంగి "ఇంకోసారి" అంటాడు. ఆయనకు వేరే మాట లేదు. చివర్లో ఎలాగో పాట ఆగకుండా పూర్తవుతుంది. అందరూ అద్దం వైపు చూస్తారు. ఆయన ఏమీ అనకుండా, రికార్డింగ్ నడుస్తోందని చెప్పే ఎర్రలైటు ఆర్పేస్తాడు. చీకటి. "ఆ మౌనం కోసమే ఈ నాటకమంతా" అని దర్శకుడు కనపడినవాళ్ళకల్లా చెప్పేవాడు, టీ తెచ్చినవాడితో సహా.

ఇంజనీరు వేషానికి పెట్టుకున్న నటుడు, ఒక్క మాట వేషం తన స్థాయికి తగదని అలిగి వెళ్ళిపోయాడు. అప్పటికి మామయ్య ఆ అద్దం బిగిస్తూ లోపలే ఉన్నాడు. దీపాలు సరిచూసుకోవడానికి కాసేపు కూర్చోమంటే కూర్చున్నాడు, "ఇంకోసారి" అనమంటే అన్నాడు. దర్శకుడు తల గోక్కుని, "ఇక నుంచి మీరే" అన్నాడు. నన్నడిగితే ఆ వేషం మామయ్య కొలతలు తీసుకుని కుట్టినట్టుంది.

అంత మాటల పిసినారికీ ఆ ఒక్క మాట మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. గడ్డం గీసుకుంటూ "ఇంకోసారి". చెప్పులు తొడుక్కుంటూ, విసుగ్గా ఒకసారి, జాలిగా ఒకసారి. భోజనం దగ్గర గరిటె వైపు చూసి కూడా అదే మాట అంటే అత్త, "ఇంకోసారి అలా అన్నారంటే పస్తు పెడతాను" అంది. ఆయన నవ్వాడు. మామయ్యకు ముందు పళ్ళ మధ్య సందు ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

నాటకం మొదలైంది. జనం తీరే ఒక నాటకం. విరామంలో ఒకాయన నా కిటికీ దగ్గరికొచ్చి, "అమ్మా, వాళ్ళకి పాట వచ్చా, రాదా? నేర్చుకున్నాకే పిలవచ్చుగా మమ్మల్ని" అని నిలదీశాడు. కాలేజీ పిల్లలు వెనక వరసల్లో కాళ్ళతో తాళం వేసి దుమ్ము లేపారు. ఒక బామ్మగారు చెవుల్లో దూది పెట్టుకుని మరీ తల ఊపుతూ కూర్చుంది. బ్యాండు విడిపోవడానికి కారణం గిటారువాడని భార్యా, కాదు పాడేవాడని భర్తా వాదించుకుంటూ, గొడుగు మా దగ్గరే మరిచిపోయి, వానలో తడుస్తూ వెళ్ళిపోయారు. నడవాలో అత్తకు మాటలకు కొదవలేదు. పాటగాడి వేషం వేసే కుర్రాడికి, వాడి జుట్టు చూసి జులపాలు అని పిలుస్తాం మేమంతా, రోజూ రెండు మాటలు మిగిలేవి.

మామయ్య వరసలో చివర నిలబడేవాడు. అత్త ఆయన దాకా వచ్చి, "ఇవాళ మీకేం లేదండీ" అనేది. ఆయన "ఊ" అని సుత్తి తీసుకుని సామాన్ల గదిలోకి పోయేవాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఒకే ఒక్క పెద్దమనిషి, "ఆ అద్దం వెనక బొమ్మని కూర్చోబెట్టి టేపు పెట్టారనుకుంటా" అన్నాడట. అత్త ఆ మాట మామయ్యకు చెప్పలేదు. నాకు చెప్పి కళ్ళు తుడుచుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "ఒక్క అబద్ధం ఆడితే నీ నోరేం అరిగిపోతుంది అత్తా? ఎవరో బాగుందన్నారని చెప్పు. అయిపోతుంది" అన్నాను.

"ఆయనకి తెలిసిపోతుందే. ఇన్నేళ్ళ కాపురం. నేను అబద్ధమాడితే ఎడం చెవి గోక్కుంటానట. నాకే తెలీదు, ఆయనే చెప్పాడు."

"అయితే చెయ్యి కట్టేసుకుని చెప్పు."

"అలా చెబితే మిగతావాళ్ళకి చెప్పిన మాటలన్నీ ఏమవుతాయి? రేపెవడు నమ్ముతాడు నన్ను?" అంది. ఆవిడతో వాదించడం కంటే ఆ తలుపుతో వాదించడం నయం.

జులపాలుకు జాలి గుండె. తన స్నేహితుడొకణ్ణి పిలిపించి, బయటికి వెళ్ళేటప్పుడు అత్తకు వినపడేలా "అద్దం వెనకాయన అద్భుతం" అనమని నేర్పాడు. ఆ మహానుభావుడికి మధ్యలోనే ఎక్కడికో పోవాల్సిన పని పడింది. ఎందుకొచ్చిన గొడవని, లోపలికి వస్తూనే అత్త ముందు ఆగి, "అద్దం వెనకాయన అద్భుతమండీ" అన్నాడు. అత్త టార్చి వాడి మొహం మీద వేసి, "బాబూ, ఇంకా మొదటి గంట కొట్టలేదు" అంది. వాడు సీటు కూడా చూసుకోకుండా జారుకున్నాడు. ఈ సంగతి మామయ్య చెవిన పడనే పడింది. అందరూ నవ్వుకున్నారు. ఆయన నవ్వలేదు.

ఆ సాయంత్రమే దర్శకుడి దగ్గరికెళ్ళి, "ఆదివారంతో ఆపేస్తానండీ, ఇంకొకళ్ళని చూసుకోండి. నాకు చెక్కపనే నయం" అన్నాడు. ఆయన అంత పొడుగు వాక్యం మాట్లాడటం దర్శకుడు మొదటిసారి వినడం. అత్తకు ఆ కబురు నేనే మోశాను. ఆవిడ ఒక కళ్ళజోడును తుడిచిందే తుడిచింది. మామయ్య ఆ వేషం వదిలేస్తే మళ్ళీ "ఊ", "ఊహూ"ల్లోకి వెళ్ళిపోతాడని ఇద్దరికీ తెలుసు. ఇంట్లో ఆ నవ్వు అప్పుడే కనపడకుండా పోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆట. హాలు నిండింది. టిక్కెట్ల కిటికీ మూసి నేను కూడా అత్త పక్కన వెనకాల నిలబడ్డాను. బ్యాండు వేషగాళ్ళంతా నిజంగా వాయించేవాళ్ళే. ఆ రోజు ఏం పూనిందో గానీ, చివరి పాట మొదలుపెట్టగానే హాల్లో దగ్గు కూడా వినపడలేదు. డ్రమ్ములు అరికాళ్ళలోంచి ఎక్కుతున్నాయి. జులపాలు గొంతు చివరి చరణంలో పగిలింది. అది నటన కాదు. పాట పూర్తయింది. అందరూ అద్దం వైపు తిరిగారు.

మామయ్య లైటు ఆర్పాలి. ఆర్పలేదు. మైకు మీదికి వంగి, "ఇంకోసారి" అన్నాడు.

రంగస్థలం పక్క తెర సందులో దర్శకుడు రెండు చేతులూ తలకేసి కొట్టుకోవడం నాకు కనపడుతూనే ఉంది. ఏం చేశాడో అప్పటికి మామయ్యకూ తెలిసొచ్చింది. అద్దం వెనక ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది.

జులపాలు తనకు తోచింది అడిగాడు. "ఎందుకు? ఏం తప్పొచ్చింది?"

మామయ్య మళ్ళీ మైకు మీదికి వంగాడు. ఆయన దగ్గర వేరే మాట లేదు, ఎవరూ రాసివ్వలేదు.

"తప్పేం రాలేదు బాబూ. బాగుంది. మళ్ళీ వినాలనిపించింది."

హాలంతా నవ్వు, ఆ నవ్వు మీదే చప్పట్లు. కాలేజీ పిల్లలు లేచి నిలబడ్డారు. బ్యాండు వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని పాట మళ్ళీ ఎత్తుకున్నారు. ఈసారి అయిపోయాక మామయ్య లైటు ఆర్పడం మరిచిపోలేదు.

నేను ముందే వరండాలోకి పోయి నిలబడ్డాను. జనం బయటికి వస్తూ ఆయన గురించే. "అచ్చం మా నాన్నలా ఉన్నాడే" అని ఒక అమ్మాయి. "నిజంగా రికార్డింగ్ చేసేవాడినే పట్టుకొచ్చినట్టున్నారు" అని ఒకాయన. "మా ఆయన నా వంట ఒక్కసారైనా అలా మెచ్చుకుంటే" అని ఒకావిడ. నేను ఒక్కటీ వదలకుండా ఏరుకున్నాను. ఈ రోజుకు అత్త మూట విప్పితే మామయ్య మోయలేడనుకున్నాను.

నడవాలో నటులు వరసగా నిలబడ్డారు. దర్శకుడు కూడా వచ్చాడు, మొహంలో కోపమో సంతోషమో తేల్చుకోలేక. అత్త బల్ల దగ్గర ఖాళీగా నిలబడి ఉంది. "ఇవాళ ఎవరికీ ఏమీ లేదు. వెళ్ళండి నాయనా" అంది. వాళ్ళు నవ్వుకుంటూ పక్కకు జరిగారు. చివర మామయ్య మిగిలాడు.

"నాక్కూడా లేదా?" అన్నాడు.

"నాకేం వినపడలేదండీ."

"అంతమంది వెళ్ళారుగా నీ ముందునుంచే."

"వెళ్ళే ఉంటారు. నేను తలుపు కూడా తియ్యలేదు, వాళ్ళే తీసుకుని పోయినట్టున్నారు. టార్చి చంకలో పెట్టుకుని చప్పట్లు కొడుతూ నిలబడిపోయాను. నా చప్పట్లే నాకు వినపడ్డాయి." అంటూ అరచేతులు చూపించింది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎడం చెవి జోలికి పోలేదు.

మామయ్య ఆ చేతుల్ని చూస్తూ అక్కడున్న పెట్టె మీద కూలబడ్డాడు. దర్శకుడు మెల్లగా దగ్గరికొచ్చి, "మరి రేపటి సంగతి?" అన్నాడు. "కాస్త పెందలాడే వస్తానండీ" అన్నాడు మామయ్య.

నేను ఆగలేక, "మామయ్యా, అత్త వినకపోతే ఏం, నేను విన్నాను. జనం ఏమన్నారో చెప్పనా?" అన్నాను.

"ఉండమ్మా" అని చెయ్యెత్తాడు. "తర్వాతెప్పుడైనా అడుగుతాలే."

ఆ మాటలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఆయన ఇప్పటిదాకా అడగలేదు.