విప్పి బిగించే పోటీ

స్పానరు అంటే ఆ ఇంజనీరింగ్ కాలేజీ మొత్తానికీ ఒక్కతే. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. వాళ్ల నాన్నది మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. ఆ కొట్టు బల్ల కిందే పాకింది, ఆ బల్ల పట్టుకునే నిలబడింది. కాస్త ఊహ తెలిశాక ఇంట్లో గడియారం విప్పింది, రేడియో విప్పింది, ఒకరోజు నానమ్మ వినికిడి మిషను కూడా విప్పేసింది. ఆ పూటంతా చెవుడుతో కూర్చున్న నానమ్మ, దీన్ని కట్టుకోబోయేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, వాణ్ణీ విప్పి చూస్తుంది అని వీధిలో అందరికీ చెప్పి నవ్వించింది. నాన్న మాత్రం కోప్పడేవాడు కాదు. ఆయన పట్టింపు ఒక్కటే, విప్పినవాళ్లే బిగించాలి.

ఆ పట్టింపు కూతురికీ అబ్బింది. అబ్బి ఏం లాభం, పడింది మనలాంటి మనుషుల మధ్య!

ఆ కాలేజీ విద్యార్థులు ఏటా చుట్టుపక్కల హైస్కూళ్లకి టెక్నాలజీ పోటీ పెడతారు. కిందటేడు పోటీ చూసి స్పానరుకి రోత పుట్టింది. సగానికి సగం బజార్లో కొనుక్కొచ్చిన సరుకే. ఒకడైతే అట్టపెట్టె మీద కొట్టు పేరు కూడా చింపకుండా తెచ్చి బల్ల మీద పెట్టాడు, వాడికే బహుమతి ఇచ్చారు. అందుకే ఈ ఏడు ఈవిడ పట్టుబట్టి కొత్త నియమం పెట్టించింది. తెచ్చిన యంత్రాన్ని జడ్జీల ముందు పిల్లలే విప్పాలి, పిల్లలే బిగించాలి. బిగించాక పనిచేయకపోయినా ఫరవాలేదు, ఎందుకు చేయలేదో చెప్పగలిగితే మార్కులే. బహుమతి కూడా కప్పులూ షీల్డులూ కాదు. గెలిచిన బడి పిల్లలకి ఏడాదంతా శనివారం మధ్యాహ్నాలు కాలేజీ ల్యాబు తెరిచి ఉంచాలి. దానికి ప్రిన్సిపాల్‌ని ఒప్పించేసరికి స్పానరు చెప్పులు అరిగిపోయాయి.

ల్యాబు కావాలని అంత తాపత్రయం ఎందుకంటే, మార్కెట్టు వెనక ఒక బడి ఉంది. పోటీ సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు చూసింది, సైన్సు గది అంటూ బోర్డున్న గదిలో నిండా విరిగిన బెంచీలే. ఆ బడిలో తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు, ఒకతె పొడుగు, ఒకతె పొట్టి, పాలు పొంగేలోపు మోగే గంట ఒకటి చేశారు. గిన్నె అంచుకి రెండు తీగలు తగిలిస్తారు. నురగ లేచి వాటిని తాకిందా, పాత బొమ్మలోంచి పీకిన బజరు కుయ్యిమంటుంది. పొట్టిదానికి పొయ్యి మీద పాలు పెట్టి పుస్తకంలో పడిపోయే అలవాటు, వాళ్లమ్మకి వీపు మీద ఒకటి వేసే అలవాటు. గంట పుట్టింది ఆ దెబ్బల్లోంచే. ఒక్కోసారి పాలు పొంగాక మోగేది. ఎందుకు ఆలస్యమవుతోందో ఇద్దరూ దెబ్బలాడుకుని, తీగలు జరిపి, మళ్లీ పాలు కాచేవాళ్లు. ల్యాబు వీళ్లకి దక్కాలి దేవుడా అని స్పానరు మనసులో మొక్కుకుంది. పైకి మాత్రం ఒక్క ముక్క సాయం చేయలేదు. చేస్తే నియమం తప్పినట్టేగా.

పోటీ రోజు రానే వచ్చింది. హాలూ, కుర్చీలూ, భోజనాలూ అన్నీ ఊళ్లోకెల్లా పెద్ద ప్రైవేటు స్కూలువాళ్లవే. పొద్దున్నే నిర్వాహకుల నాయకుడు, స్పానరు క్లాసువాడే, అందరూ చైర్మన్ అని పిలిచే పెద్దమనిషి, మైకు పుచ్చుకుని చల్లగా చెప్పాడు. ముఖ్య అతిథి గారికి తొందర పనులున్నాయట, కాబట్టి విప్పడాలూ బిగించడాలూ ఈ ఏటికి లేవు, యంత్రం ఆడించి చూపిస్తే చాలు. స్పానరు ఒళ్లు మండిపోయింది. వెళ్లి నిలదీస్తే, ఇది పోటీనా మీ నాన్న కొట్టా అని నవ్వాడు. పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు, ఛీ, నిన్నటిదాకా నియమం బాగుందని తలలూపినవాళ్లే.

ఆ పెద్ద స్కూలు బల్ల మీద ఇనుప చెయ్యి ఒకటి తళతళలాడుతోంది. మీట నొక్కితే పువ్వు తీసి ఎదుటివాళ్లకి అందిస్తుంది. టై కట్టుకున్న తొమ్మిదో తరగతి కుర్రాడు గుక్క తిప్పుకోకుండా వివరం అప్పజెప్పాడు. జడ్జీలు ముచ్చటపడి వింటున్నారు. చివర్లో వాడు చేతులు జోడించి, ఈ ప్రాజెక్టుకి సహకరించిన మా హెచ్‌ఓడీ గారికి, మా గైడు గారికి, నా బ్యాచ్‌మేట్లకి ధన్యవాదాలు అన్నాడు.

తొమ్మిదో తరగతి వాడికి హెచ్‌ఓడీ ఏమిటి, బ్యాచ్‌మేట్లేమిటి! చైర్మన్ తన ఫైనలియర్ ప్రాజెక్టుకి బట్టీపట్టిన ఉపన్యాసాన్నే వీడికీ బట్టీపట్టించాడు. హాలు ఇచ్చినందుకు బదులుగా ప్రాజెక్టునీ ఉపన్యాసాన్నీ కలిపి ఆ స్కూలుకి అప్పజెప్పేశాడు. తోక కత్తిరించడం మాత్రం మరిచిపోయాడు. ఇంకా అసహ్యం ఏమిటంటే, చైర్మన్ చేత ఆ ప్రాజెక్టు చేయించిన లెక్చరరు, ఆ గైడుగారే, జడ్జీల్లో ఒకాయన. ఏళ్ల తరబడి ఆ ధన్యవాదాలు విని విని అలవాటైపోయిన ప్రాణం, ఇప్పుడు కూడా చిరునవ్వుతో తలాడించాడు.

స్పానరు ఆయన దగ్గరికెళ్లి మెల్లగా సంగతి చెప్పింది. ఆయనకి అర్థమైంది, మొహం కాస్త మాడింది, అంతే. వాళ్ల భోజనం తింటున్నాం కదమ్మా, ఇప్పుడు రచ్చ ఎందుకు అన్నాడు. కంచే చేను మేస్తుంటే ఇంక ఎవరితో చెప్పుకోవాలి? చైర్మన్‌ని హాలు వెనక్కి పిలిచి అడిగితే వాడికి చీమ కుట్టినట్టయినా లేదు.

"ఇందులో నీకు పోయిందేమిటి చెప్పు? ఆ పాల గంట సరిగా మోగను కూడా మోగలేదు."

నిజమే, మోగలేదు. జడ్జీలు నిలబడ్డ ఆ కాసేపట్లో పాలు కాగలేదు. ఎందుకు మోగలేదో పొడుగుది చెప్పబోతుంటే, సరేనమ్మా అని పక్క బల్లకి వెళ్లిపోయారు. విప్పి బిగించే సమయం ఇచ్చి ఉంటే ఆ పాలు కాగేవి, పొంగేవి. స్పానరుకి ఆ హాలు నేల, ఆ కుర్చీలు, వడ్డించిన అన్నం, అన్నీ వాళ్లవేనని గుర్తొచ్చింది. ఆ పూట మెతుకు ముట్టలేదు.

ఫలితాలు చదివే పని ముందే ఆమెకి ఒప్పజెప్పి ఉన్నారు. గెలిచింది ఇనుప చెయ్యి. చదివింది. చదివి మైకు దించలేదు.

"గెలిచినవాళ్లు వేదిక మీదికొచ్చి ఒక్క స్క్రూ విప్పి, మళ్లీ బిగించి చూపిస్తారు" అంది.

టై కుర్రాడు వచ్చి చేతికి ఇచ్చిన స్క్రూడ్రైవరు వంక చూశాడు. వాడు చెడ్డపిల్లాడేం కాదు, పాపం.

"విప్పొద్దన్నారు అక్కా. విప్పితే బిగించడానికి మళ్లీ ఆ అన్నయ్యే రావాలి" అని జడ్జీల పక్కన కూర్చున్న చైర్మన్‌ని వేలు పెట్టి చూపించాడు.

ఇప్పుడైనా ఎవరో ఒకరు తలదించుకుంటారనుకుంది పిచ్చిది. ముఖ్య అతిథి గలగలా నవ్వేసి మైకు లాక్కున్నాడు. పిల్లవాడి నిజాయితీ చూశారా, పెద్దలు చిన్నవాళ్లకి చేయూతనివ్వడమంటే ఇదీ అన్నాడు. చప్పట్లే చప్పట్లు. గైడుగారు కూడా కొట్టాడు. ఇనుప చెయ్యి పువ్వందించింది, ఫొటో తీశారు, శనివారం ల్యాబు ఆ స్కూలుకి పోయింది. వాళ్లకి అప్పటికే రెండు ల్యాబులున్నాయి. నవ్విపోదురు గాక నాకేటి సిగ్గు అన్నట్టు చైర్మన్ దండ కూడా వేయించుకున్నాడు.

స్పానరు వేదిక దిగి తిన్నగా పాల గంట బల్ల దగ్గరికి నడిచింది. మీ పని మీరు చేశారు, ఈ హాల్లో అలా చేసింది మీరిద్దరే అని చెప్పాలనుకుంది. అంతలోనే, ఏడుస్తూ ఉంటారేమో ముందు ఓదార్చాలి అనుకుంది. వాళ్లు ఏడవడం లేదు. పొడుగుది తీగలు చుడుతోంది. పొట్టిది గిన్నెలో చల్లారిన పాలు పారబోసి వచ్చి, గిన్నె తుడుస్తూ దగ్గరగా జరిగి, చాలా మర్యాదగా అడిగింది.

"అక్కా, ఆ అన్నయ్య మీ క్లాసేనట కదా. వచ్చే ఏడు మాకూ ఒకటి చేసిపెట్టమని మీరు చెప్తారా?"