పసుపు పూసిన కప్ప

మేముండే ఈ హిందీ ఊరు ధర్సీవాలో ఇంకా వాన లేదని ఈ రోజు పొద్దున్న మా క్వార్టర్స్‌లోని తెలుగు ఆడవాళ్ళం కప్పతల్లి ఆడాం. నీళ్ళ ట్యాంకు కింద తేమలో పురుగులు తిని బతికే బురదరంగు కప్పను పట్టి, రోకలికి కట్టి, వేపాకులు చుట్టి ఇల్లిల్లూ తిప్పాం. దాని ఒళ్ళంతా పసుపు పూసింది నేనే.

మూడో ఇంటి దగ్గర మా పాప అడిగింది.

"అమ్మా, కప్ప చర్మంతో కూడా గాలి పీలుస్తాదంట. లైబ్రరీ బుక్‌లో ఉంది. అంత పసుపు పూసేస్తే ఎలాగ?"

"నువ్వు చుప్‌గా ఉండవే. మా అమ్మమ్మ కాలం నుంచీ పూస్తన్నాం, ఏటీ కాలేదు," అంది పక్కింటి నరసమ్మత్త.

ఐదో ఇంటికి కప్ప కదలడం మానేసింది. నరసమ్మత్త దాని మీద ఇంకో వేపరెమ్మ కప్పింది. మిగతా ఇళ్ళు కూడా తిరిగాం.

మధ్యాహ్నం పాప ఆ పుస్తకంలో బొమ్మ చూపించింది. తొలివాన పడగానే ఈ జాతి మగకప్ప తనంతట తానే నిండు పసుపురంగుకు మారుతుందట. అందాకా మేం ఆగలేకపోయాం.

ఇప్పుడు వాన దంచుతోంది. అంతా కప్పతల్లి మహిమేనని నరసమ్మత్త బెల్లం పంచుతోంది. ట్యాంకు వైపు నుంచి మాత్రం ఒక్క బెకబెక లేదు.

మీ వైపు కప్పలు అరుస్తున్నాయా?