మామిడాకు వాసన చూసే మనిషి

ఈ ఉదయం కడియంలో మా నర్సరీకి కాకినాడ నుంచి ఒకాయన వచ్చి, చీటీ ఊడిపోయిన మామిడి అంటు చూపించి, "ఇదేం రకమండీ?" అని అడిగాడు. అలవాటు కొద్దీ మా ఆయన వైపు తిరిగాను. నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆయన నన్ను చూసి నవ్వారు. నాకు తెలియదండీ అని చెప్పి వచ్చినాయన్ని వేరే మొక్కల దగ్గరికి తీసుకెళ్లాను.

ఒకప్పుడు మా ఆయన ముక్కుకు చుట్టుపక్కల పెద్ద పేరు. మామిడి లేతాకు తుంచి, వేళ్ల మధ్య నలిపి, నశ్యం పీల్చినట్టు పీల్చి, రకం కొత్తపల్లి కొబ్బరో సువర్ణరేఖో చెప్పేసేవారు. ఇంట్లో పాలు మాడిపోతున్నా తెలియనిది కూడా ఆ ముక్కుకేనని నేను ఏడిపించేదాన్ని. కరోనా రెండోసారి విజృంభించినప్పుడు, "ఇప్పుడెందుకే, ఫోన్లో చూద్దువుగాని" అని ఆయన అంటున్నా వినకుండా, పిఠాపురంలో మా చెల్లెలి మనవరాలి బారసాలకు వెళ్లాను. అక్కడి నుంచి తెచ్చుకున్న దగ్గు నాకు నాలుగు రోజుల్లో తగ్గింది. ఆయనకు ఊపిరితిత్తుల్లోకి దిగి, ఆసుపత్రిలో పడుకోబెట్టింది.

ఇంటికొచ్చాక ఆకు నలిపి పీల్చేవారు గానీ ఏమీ చెప్పేవారు కాదు. అందరికీ పోయినట్టే వాసన పోయింది, అదే వస్తుందిలే అనుకున్నాం. ఏడాదిపాటు పనివాళ్లూ నేనూ ఆకులు తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెడుతూనే ఉన్నాం. చివరికి ఒకరోజు ఆయనే విసుక్కున్నారు. "వాసన వస్తూనే ఉందే. పేరే రావట్లేదు."

రాజమండ్రి డాక్టరుగారు అల్జీమర్స్ అన్నారు. నేను తెచ్చిన జ్వరం వల్లేనా అండీ అని అడిగాను. "జబ్బు ముందే లోపల మొదలై ఉండొచ్చమ్మా. ఇలాంటి జ్వరాలు దాన్ని తొందరపెడతాయేమోనని పరిశోధనలు చేస్తున్నారు. మీవారి విషయంలో అదేనని నేను చెప్పలేను" అన్నారు. తప్పు నాదేనంటే ఏడ్చి ఊరుకునేదాన్ని, కాదంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. చెల్లెలితో అందామంటే, పిలిచినందుకు తనను తప్పు పడుతున్నానని నొచ్చుకుంటుంది. ఇద్దరం ఉన్న ఇంట్లో ఆ మాటతో నేనొక్కదాన్నే మిగిలాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం, అన్నం కలిపి పెడుతూ ఆయనకే చెప్పేశాను. వద్దన్నా వెళ్లాననీ, జ్వరం నేనే తెచ్చాననీ, నన్ను క్షమించమనీ. ఆయన శ్రద్ధగా విన్నారు. ముద్ద మింగి, ఎంతో జాలిగా, "అయ్యో, మీవారికి ఇప్పుడెలా ఉందండీ?" అన్నారు.

"బాగానే ఉన్నారండీ" అన్నాను. క్షమించమని అడగడానికి కూడా ఒక వేళ ఉంటుంది. ఎలా అడగాలా అని నేను మాటలు వెతుక్కుంటుండగానే అది దాటిపోయింది.