లారీ చాటున

ముందు లారీ కనబడితే చాలు, నెహెమ్యా ట్రాలీ ఆటో నెమ్మదిస్తుంది. వెనకవాళ్లు హారన్ కొట్టి, తిట్టుకుంటూ దాటిపోతారు. వాళ్లలో ఎవరైనా లారీకీ తనకూ మధ్య దూరితే అతను ఇంకాస్త వేగం తగ్గించుకుంటాడు. కారంపూడి నుంచి దాచేపల్లికి కూరగాయలు తోలే ఈ మనిషే నిరుటి దాకా లారీల వెనక రెండు బారల దూరంలో నడిపేవాడు. ఎదురుగాలిని లారీ చీల్చుకుపోతుంటే ఆటో ఇంజన్ మోత మెత్తబడేది. అది చెవిన పడగానే యాక్సిలరేటర్ మీద మణికట్టు సడలించి, డీజిల్ మిగిలిందని తనలో తాను నవ్వుకునేవాడు. ఎక్కువగా మీరావలి లారీనే పట్టుకునేవాడు. సిమెంటు ఫ్యాక్టరీకి పోయే ఆ డ్రైవరు టీ కొట్టు దగ్గర అతన్ని చూసి, “నా తోక వచ్చిందిరోయ్!” అని అందరికీ వినబడేలా అరిచేవాడు.

ఒక ఉదయం, నెహెమ్యా అలా వెనకే వస్తుండగా, మీరావలి లారీకి అడ్డంగా గేదె దూకింది. మీరావలి బ్రేకు తొక్కకుండా స్టీరింగు తిప్పేశాడు. లారీ కల్వర్టు గోడను గుద్దింది, ఆటో మాత్రం గేదె పక్కనుంచి దాటిపోయింది. ఆస్పత్రిలో మోకాలి కింద కాలు తీసేశాక, “తొక్కబోయా. నువ్వు ఎనకున్నావని గుర్తొచ్చింది” అన్నాడు మీరావలి. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడతను దాచేపల్లిలో ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంటాడు. నెహెమ్యా రోజూ అక్కడ ఆటో ఆపి, మెడలోని తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కాసేపు నిలబడతాడు. మొన్న మాత్రం నోరు తెరిచాడు.

“అన్నా, ఒక్కసారి నన్ను తిట్టరాదూ?”

“తిడితే నీకు చానా తేలికైపోద్ది. పో, వంకాయలు వాడిపోతాయి” అన్నాడు మీరావలి.