స్వేచ్ఛాక్రీడకు రిహార్సల్

ఆ రోజుల్లో, అంటే కర్నూలు రాజధానిగా ఉండి ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజుల్లో, మూడేళ్ల పిల్లలను ఆడించడానికి కూడా ఒక శాస్త్రం ఉంటుందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే పెరుగుతారు, దానికి ట్రైనింగెందుకన్నది మా నాన్న వాదన. నేను మాత్రం ఆ ట్రైనింగు నుంచి పెద్ద పెద్ద మాటలు మూటగట్టుకుని వచ్చాను. సర్వతోముఖ వికాసం, ఇంద్రియ శిక్షణ, స్వేచ్ఛాక్రీడ, ప్రత్యేక శ్రద్ధ అవసరమైన శిశువు. (ఈ చివరిది చెప్పేటప్పుడు తల కాస్త పక్కకు వంచి గొంతు తగ్గించాలి. మాకు పాఠం చెప్పిన మేడమ్ అలాగే చెప్పేది.) అన్నిటికీ అర్థాలు గడగడా రాసి పాసై, ఇరవై ఏళ్లు నిండీ నిండకముందే పత్తికొండ దగ్గర ఒక పల్లెకు బాలవాడీ టీచరుగా వెళ్లాను.

చర్చి పక్కన రేకుల కొట్టమే మా బాలవాడీ. ఇంద్రియ శిక్షణ పేరుతో పిల్లల కళ్లకు గంతలు కట్టి ఉప్పు, చింతపండు, బెల్లం నాలుకకు రాసేదాన్ని. బెల్లం ఉన్నంతసేపు అందరి ఇంద్రియాలూ చక్కగా పనిచేసేవి. ఒక్క బుడ్డమ్మతోనే నాకు చిక్కు. నాలుగేళ్ల పిల్ల, తల్లి లేదు. తండ్రి పొద్దున్నే తెచ్చి నా దగ్గర దించి, వేరుశనగ చేలోకి పోయేవాడు. పిల్లకు మాట రాదు. పిలిస్తే ఒక్కోసారి చూస్తుంది, ఒక్కోసారి చూడదు. ఊళ్లోవాళ్లు పిచ్చిపిల్ల అని తేల్చేశారు. బెల్లం ఏ డబ్బాలో ఉందో అందరికంటే ముందు కనిపెట్టే పిల్ల పిచ్చిదెలా అవుతుందో నాకు అర్థమయ్యేది కాదు. నేను నేర్చుకున్న మాటల్లో దేన్ని తగిలించబోయినా ఆ పిల్లకు అతికేది కాదు.

ఇంతలో తాలూకా బాలవాడీలన్నిటినీ చూసే పెద్ద మేడమ్ తనిఖీకి వస్తోందని కబురొచ్చింది. ఆమె ముఖ్యంగా చూసేది స్వేచ్ఛాక్రీడేనట. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అందుకని వారం రోజులు పిల్లలకు స్వేచ్ఛాక్రీడ రిహార్సల్ చేయించాను. ఎవరు ఇసుకలో స్వేచ్ఛగా ఆడాలి, ఎవరు బొమ్మలతో స్వేచ్ఛగా ఆడాలి, ఎప్పుడు నవ్వాలి, అన్నీ నేర్పాను. తీరా జీపు వచ్చి కొట్టం ముందు ఆగి, మేడమ్ దిగేసరికి, పిల్లలందరూ చేతులు కట్టుకుని గోడవారగా కూర్చున్నారు. ఆడండి అంటే ఆడరు. ఆఖరికి నేను కళ్లెర్రజేసి స్వేచ్ఛగా ఆడమని గదిమితే ఇద్దరు ఏడ్చారు. మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. నవ్వాపుకుంటోందో కోపమాపుకుంటోందో తెలియలేదు.

ఆమె పిల్లలను లెక్కపెట్టబోతే బుడ్డమ్మ లేదు. కొట్టం వెనక లేదు, చర్చిలో లేదు. వెనకవైపు గట్టులేని దిగుడుబావి ఒకటుంది. అది గుర్తొచ్చి చేలోకి మనిషిని పంపాను. కబురందుకుని తండ్రి చేలోంచి పరుగెత్తుకొచ్చాడు. నేరుగా బావిలోకి దిగిపోయాడు. ఆయన మునిగిన ప్రతిసారీ నేనూ ఊపిరి బిగబట్టాను. గంజి పెట్టిన చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, చెప్పుల్లేకుండా, ఊరు ఊరంతా తిరుగుతూ బుడ్డమ్మా బుడ్డమ్మా అని అరిచాను. జీపు చుట్టూ ముగ్గురు నలుగురం నిలబడి గొంతులు చించుకున్నాం. బావిలో ఏమీ దొరక్క తండ్రి తడిబట్టలతో పైకొచ్చాడు. పత్తికొండ బాటలో వెతుకుదామని మేడమ్ ఆయన్ని జీపెక్కమంది. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

వెనక సీటు కింద, మడిచి పెట్టిన టార్పాలిన్‌లోంచి, కిలకిలమని నవ్వు వినిపించింది.

తండ్రి టార్పాలిన్ లాగితే లోపల బుడ్డమ్మ. రెండు అరచేతులూ జీపు అడుగు రేకుకు ఆనించి, ఆ అదురుకు మురిసిపోతోంది. (ఆ రోజు మా బాలవాడీలో నిజంగా స్వేచ్ఛాక్రీడ ఆడింది ఆ పిల్ల ఒక్కతే.) అందరూ ఒక్కసారిగా మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఒకటే అనుమానం. ఇందాక మేం ఇక్కడే కదా అరిచాం? కొట్టంలోంచి పళ్లెం, గరిటె తెచ్చి, జీపెక్కి, ఆ పిల్ల వీపు వెనక నిలబడి గట్టిగా కొట్టాను. కొట్టంలో పిల్లలు ఉలిక్కిపడ్డారు. బుడ్డమ్మ కదల్లేదు. నా నీడ ముందు పడ్డాక వెనక్కి తిరిగి నవ్వింది. మేడమ్ పళ్లెం తీసుకుని తనూ కొట్టి చూసి, "ఈ పిల్లకు వినపడదమ్మాయ్, తెలివికేం లోటు లేదు" అంది.

తండ్రి నా వైపు తిరిగాడు.

"చెవుడేనా టీచరమ్మా? పిచ్చి గాదు గదా?"

"కాదప్పా. చెవుడే."

"అంతేనా? ఇంగేం లేదా?"

"ఇంకేం లేదు."

ఆయన కింద కూలబడి, పిల్లను ఒళ్లోకి లాక్కుని, తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. బిడ్డకు చెవుడని తెలిసి ఒక మనిషి అంత తేలికపడటం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. సాయంత్రం పిల్లను భుజమెక్కించుకుని ఇంటింటికీ వెళ్లి, "మా పాపకు చెవుడంట, అంతే. శానా తెలివైందంట, పెద్దమేడమే చెప్పింది" అని చెప్పుకొచ్చాడట. మేడమ్ వెళ్తూ వెళ్తూ, చెవిటి పిల్లలకు బడులున్నాయి, కనుక్కుని రాస్తాను, అందాకా చేతులతో, మొహంతో చెప్పు, అంది. నా ఉద్యోగం గురించి అడగడానికి నోరు రాలేదు. ఆమే జీపెక్కాక తల బయటపెట్టి, ఇకమీదట ఆటకు రిహార్సల్ చేయించకు, అంది. ఇకమీదట అన్నదంటే ఉద్యోగం ఉన్నట్టే గదా అని నేను లెక్క కట్టుకున్నాను.

అన్నట్టే రాసింది. రెండేళ్ల తర్వాత బుడ్డమ్మ అలాంటి బడిలో చేరింది. అప్పటికి మా ఇద్దరికీ మాత్రమే తెలిసిన సైగలు బోలెడు పోగయ్యాయి. వాటిలో సగం బెల్లం గురించినవే.

ఇప్పుడు నా మోకాళ్లు పది అడుగులకోసారి ఆగమంటాయి. అప్పుడప్పుడూ ఆ ఇరవయ్యేళ్ల పిల్ల, జడ ఊడిపోయి, కాళ్లకు పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నా ఆగకుండా ఊరంతా పరుగెత్తుతూ కళ్లముందు కనిపిస్తుంది. నవ్వొస్తుంది. దాన్ని ఒక్క క్షణం ఆపి, గ్లాసెడు మజ్జిగ చేతికిచ్చి, "కూర్చోవే తల్లీ, పాప దొరుకుతుందిలే" అని చెప్పాలనిపిస్తుంది.