తుపాకితో బడికి వెళ్ళిన మా చిన్నాయన

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. గిద్దలూరులో నాలుగు చినుకులు పడితే, ఆ కబురు మార్కాపురం చేరేసరికి నా నోట్లో తుఫాను అయిపోతుంది. మా ఆవిడ నేను చెప్పిన ప్రతి మాటనూ సగానికి కోసి, ఆ సగంలో మళ్ళీ సగం నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి. ఏది కల్పించానో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మా చిన్నాయనది అర్ధవీడు వైపు అడవి అంచు ఊరు. అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి మా తాత హయాంలో ఇచ్చిన లైసెన్సు తుపాకి ఒకటి ఆ ఇంట్లో ఉంది. ఒంటి గొట్టంది. తాత పోయాక చిన్నాయన పేరు మీదికి మారింది. ఊళ్ళో మిగతా మగవాళ్ళ భుజాన తువ్వాలు ఉంటే, మా చిన్నాయన భుజాన తువ్వాలు, దాని మీద తుపాకి. పాలకేంద్రానికీ తుపాకే, మంగలి దుకాణానికీ తుపాకే. పెళ్ళిలో బంతికి కూర్చుంటే దాన్ని పక్కన గోడకు ఆనించి, వడ్డించేవాళ్ళతో "దానికొద్దులే, నాకెయ్యి" అనేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన అసలు పేరు అడిగితే ఎవరికీ తెలియదు, తుపాకాయన అంటే మేకలు కూడా దారి చూపిస్తాయి.

ఇంత చేసీ ఆయన దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదు. "చూస్తేనే పారిపోతాయి, ఇంక పేల్చేదెందుకు?" అనేవాడు. నిజానికి పందులు పారిపోయింది ఆయన దగ్గుకు.

పోయిన ఏడు ఆ దగ్గు కూడా పందులకు అలవాటైపోయింది. శెనక్కాయ చేనును ఎంత లోతుగా దున్నాయంటే, అక్కడ బోరు వేద్దామనుకున్నవాడు సగం పని అయిపోయిందని సంతోషించేటంత. చిన్నాయనకు రోషం వచ్చింది. కొత్త తూటాలు తెచ్చుకున్నాడు. "ఈ పంటకి గాల్లోకి ఒక్కటి పేల్చినానంటే శ్రీశైలం దాకా ఆగవు" అని ఊరంతా చాటాడు. అప్పుడే లైసెన్సు రెన్యువల్ వచ్చి పడింది. ఆఫీసులో ఒకటే మాట చెప్పారు: తుపాకి పట్టుకుని తిరగాలంటే భద్రత శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తేవాలి. లేదంటే తుపాకిని స్టేషన్లో అప్పజెప్పాలి.

చిన్నాయన నాకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టకుండానే మా వీధి మొత్తానికి వినిపించింది.

"ఒరే అబ్బయ్యా, తుపాకి పట్టుకునేది నాకు నేర్పుతారంట్రా! నా భుజం చూసినారా వాళ్ళు? కాయ కాసిపోయింది!"

"ట్రాక్టర్ తోలడానికి నేర్చుకుని లైసెన్సు తీసుకోవాలి గదా చిన్నాయనా, తుపాకికి వద్దా?"

"ట్రాక్టర్ కదుల్తాది. ఇది నా భుజాన కదలకుండా కూర్చోనుంటాది. కూర్చున్నదానికి ట్రైనింగ్ ఏందిరా?"

ఇంతలో మా చిన్నమ్మ ఫోన్ లాక్కుంది. "నాయనా, ఆయన మాట వినొద్దు. మనవళ్ళు ఇంటికొస్తే ఆ గొట్టం కింద వంగి వంగి పోతాండారు. నేర్చుకుంటేనే తుపాకి నా ఇంట్లోకి. లేదంటే దాన్నీ ఈయన్నీ కలిపి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకుంటా."

తుపాకి పోతే చిన్నాయన ఏమైపోతాడో నాకు తెలుసు. ఖాళీ భుజంతో మంగలి దుకాణానికి వెళితే ఆ మంగలే ఎవరు నువ్వు అని అడుగుతాడు. అందుకే బతిమాలి ఒప్పించాను.

శిక్షణ మార్కాపురంలో. ఆ రోజు నేను తర్లుపాడులో చిన్నాయన, చిన్నమ్మ వస్తున్న బస్సే ఎక్కాను. బస్సు ఒక పక్కకు ఒరిగి వచ్చింది. ఎందుకో లోపలికి వెళ్ళాక అర్థమైంది. చిన్నాయన తుపాకిని చిన్నమ్మ పాత చీరలో చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. గొట్టం మూతి మాత్రం కొంగులోంచి బయటికి వచ్చి కుడి వైపు సీట్లను చూస్తోంది. కుడి వైపు జనమంతా లేచి ఎడమ వైపు వాళ్ళ ఒళ్ళో కూర్చున్నారు.

"పెద్దాయనా, దానికి టికెట్ ఉందా?" అన్నాడు కండక్టర్, దూరం నుంచే.

"ఒళ్ళో బిడ్డకి టికెట్ ఏందయ్యా?"

"బిడ్డయితే మూతి నా వైపు పెట్టదు గదా. కాస్త ఆ పక్కకి తిప్పు సామీ."

చిన్నాయన మంచివాడు. అడిగిన వెంటనే తిప్పాడు, డ్రైవర్ వీపు వైపు. ఆ బస్సు మార్కాపురం అంత తొందరగా చేరడం అదే మొదలు, అదే ఆఖరు.

ఊరి బయట ఎత్తైన మట్టి దిబ్బ ముందు మైదానం. చిన్నాయనలాంటి లైసెన్సువాళ్ళు ఇంకొందరు తుపాకులతో వచ్చి ఉన్నారు. నేర్పేది ఒక పోలీసు అమ్మాయి, గిద్దలూరు పక్క పిల్ల. చిన్నాయన మీసం సవరించుకుని "ఈ పాప నాకు నేర్పుతాదా?" అన్నాడు.

"ఆ పాప చేతిలో నీదానికంటే పొడుగు తుపాకి ఉంది, నోరు మూసుకో" అంది చిన్నమ్మ, సంగటి క్యారియర్ నీడలో పెడుతూ.

మొదటి పాఠం ఒక్కటే. తుపాకిలో తూటా ఉన్నా లేకపోయినా, మూతి ఎప్పుడూ దిబ్బ వైపే ఉండాలి. అందరూ తలలూపారు. అందరికంటే గట్టిగా ఊపింది చిన్నాయన. అప్పుడే నేను వెనక నుంచి "చిన్నాయనా, టీ తాగుతావా?" అన్నాను. "ఆఁ, తెప్పించు" అంటూ ఆయన మనిషి మొత్తం నా వైపు తిరిగాడు, తుపాకితో సహా.

మైదానమంతా సాష్టాంగపడింది. టీ కొట్టతను కెటిల్‌తో సహా బోర్లా పడి, ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. పోలీసు అమ్మాయి నేల మీద నుంచే అంది: "తాతా, ఇంతమంది దండం పెట్టినారు, చాలు. ముందు దాన్ని దిబ్బ వైపు తిప్పు. ఇంకొకసారి ఇట్ల తిరిగితే సర్టిఫికెట్ లేదు, తుపాకీ లేదు."

చిన్నాయన మీసం వాలిపోయింది.

రెండో పాఠానికి అందరూ తుపాకిని మధ్యలో కీలు దగ్గర మడత విప్పి (అలా విప్పితే అది పేలదు), ఖాళీ గొట్టంలోంచి ఆకాశం చూడాలి. అవతల వెలుతురు గుండ్రంగా కనిపించాలి. అందరికీ కనిపించింది. చిన్నాయన ఒక కన్ను పెట్టాడు, తర్వాత రెండో కన్ను పెట్టాడు.

"మబ్బు పట్టినట్టుంది పాపా."

"మబ్బు ఆకాశానికి పట్టలేదు తాతా, నీ గొట్టానికి పట్టింది. ఇట్ల ఇయ్యి."

సంగతి ఏమిటంటే, ప్రతి దసరాకూ ఆయుధపూజ రోజు చిన్నమ్మ ఆ తుపాకికి గంధం, కుంకుమ పెడుతుంది. నాగలికి పెట్టినట్టే, కొడవలికి పెట్టినట్టే. మూతి దగ్గర కాస్త ఎక్కువే, అది తుపాకికి ముఖం కాబట్టి. దేవుడికి పెట్టింది తుడవకూడదు గనుక ఏనాడూ తుడవలేదు. ఒక ఏటి గంధం మీద ఇంకో ఏటి గంధం. అమ్మాయి ఇనప కడ్డీ పెట్టి తోస్తే వరసగా బయటికి వచ్చాయి: ఎండిన గంధం బిళ్ళలు, అక్షింతలు, కర్పూరం ముక్క, ఒక పురుగు కట్టుకున్న మట్టి ఇల్లు, చివరగా ఎండిపోయిన నిమ్మకాయ. చిన్న పూజ సామాన్ల దుకాణం పెట్టుకోవచ్చు.

అందరం పడీ పడీ నవ్వాం. ఆ అమ్మాయి నవ్వలేదు.

"తాతా, దీంట్లో తూటా పెట్టి పేల్చింటే అది ముందుకి పోయేదే కాదు. గొట్టం నీ మొహం దగ్గర పగిలేది."

నవ్వు ఆగిపోయింది. ఈ పంటకే పేలుస్తానని ఊరంతా చాటిన మనిషి, తూటాలు కూడా తెచ్చుకున్న మనిషి, గొట్టం వైపు చూస్తూ నిలబడిపోయాడు. చిన్నమ్మ లేచి వచ్చింది. "పసుపూ కుంకుమా చల్లగా ఉండాలనే గదయ్యా నేను పెట్టింది" అని కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నాయన "పాపా, ఇంకా ఏమేం ఉండాయో అన్నీ చెప్పు" అని బడిపిల్లాడిలా ముందు వరసకు వెళ్ళి నిలబడ్డాడు. తుడవడం, తూటా పెట్టడం, తీయడం, పేల్చే క్షణం వరకూ వేలు మీటకు దూరంగా ఉంచడం, అన్నీ మొదటి నుంచి నేర్చుకున్నాడు.

చివరి పరీక్ష. గొట్టం అద్దంలా ఉంది, లోపల తూటా ఉంది, చిన్నాయన దిబ్బ వైపు గురి పెట్టాడు. పోలీసు అమ్మాయి మెల్లగా చిన్నమ్మ దగ్గరికి వచ్చి చెవిలో ఏదో చెప్పింది. చిన్నమ్మ మొదట భయపడింది. తర్వాత గొంతు సవరించుకుని, ఇంట్లో పిలిచినట్టే పిలిచింది.

"ఏమయ్యో! సంగటి చల్లారిపోతాంది!"

పెళ్ళయిన నాటి నుంచి ఆ కేకకు చిన్నాయన నిలువునా తిరగని రోజు లేదు. నేను ముందు జాగ్రత్తగా మోకాళ్ళు వంచాను. చిన్నాయన మెడ మాత్రమే తిరిగింది. తుపాకి దిబ్బనే చూస్తోంది, వేలు మీటకు దూరంగానే ఉంది.

"ఉండు మే! చేతిలో పనుంది!"

మొదటిసారి చిన్నమ్మ మాటకు ఎదురు చెప్పాడు, మొదటిసారి ఆమె సంతోషించింది. తర్వాత పేల్చాడు. ఆ మోతకు మార్కాపురం కాకులు గిద్దలూరుకు పోయి, అక్కడి రైలెక్కి నంద్యాల వెళ్ళిపోయాయి. దిబ్బలో దుమ్ము లేచింది. "పాస్ తాతా" అంది అమ్మాయి.

ఇప్పుడు చిన్నాయన తుపాకిని మడత విప్పి, ఖాళీగా, మూతి నేలకు పెట్టి మోస్తున్నాడు. ఊళ్ళో ఎవరైనా గొడుగు అడ్డంగా పట్టుకున్నా ఊరుకోడు, "మూతి కిందికి!" అంటాడు. దసరాకు పెట్టే గంధం మూతి నుంచి తుపాకి వెనక చెక్క పిడి మీదికి మారింది. పందుల కోసం గాల్లోకి ఒకటి పేల్చాడు కూడా. అవి శ్రీశైలం దాకా పోయాయో, పక్క చేను దాకా పోయాయో నేను వెంటపడి చూడలేదు. జనం మధ్య తుపాకి మోసేవాడికి ఆ ఒక్క రోజు బడి తప్పనిసరి అనే మాట దగ్గర మాత్రం నేను పెంచింది ఏమీ లేదు. వద్దనేవాళ్ళను ఒకసారి ఆ బస్సులో కుడి వైపు సీట్లో కూర్చోబెట్టాలి.

ఇక ఒప్పుకోలు. కాకులు రైలెక్కలేదు, అది మీకూ తెలుసు. నిమ్మకాయ ఈ కథలో నేను పెట్టిందే. ఆ గొట్టంలో రేగిపండు కూడా కష్టంగా పడుతుంది. కానీ గంధం నిజం, మట్టి నిజం. కడ్డీ పెట్టకముందు నేనూ ఆ గొట్టానికి కన్ను ఆనించి చూశాను. మిట్టమధ్యాహ్నం, నెత్తిన మబ్బు తునక లేదు. లోపల కటిక చీకటి.